కొటొను వెళ్ళేవాడికి ధనరాజు గారి జాగ్రత్తలు

ధనరాజు గారు ఒక్కచోట కుదురుగా కూర్చునే మనిషి కాదు. గుడివాడ స్టేషన్ రోడ్డులో ఉన్న నా ఎస్టీడీ బూత్‌కి రోజుకి మూడుసార్లయినా వచ్చేవారు. ఫోన్ పని ఉండి కాదు, ఇంట్లో కాలు నిలవక.

ఆయన బియ్యం మిల్లులు బిగించడంలో చెయ్యి తిరిగిన ఫిట్టరు. పశ్చిమాఫ్రికాలో బెనిన్ అనే చిన్న దేశం ఒకటుందని మా వీధికి తెలిసింది ఆయన వల్లే. అక్కడ కొటొను అనే ఊళ్ళో రెండేళ్ళు మిల్లు నడిపి వచ్చారు. వచ్చిన దగ్గర్నుంచి మళ్ళీ ఎప్పుడు వెళ్దామా అని ఒకటే తహతహ. "మరి వెళ్ళచ్చుగా?" అంటే, "మా సూర్యకుమారి ఒప్పుకోదండీ" అని నిట్టూర్చేవారు. ఆ మాట విని విని ఆయన భార్య మీద నాకు అకారణంగా కోపం వచ్చేసింది. నిజానికి ఆవిడతో నేను రెండు ముక్కలు మాట్లాడింది కూడా లేదు.

1999లో ఆ మిల్లు వాళ్ళు మనిషి కావాలని ఉత్తరం రాశారు. ధనరాజు గారు తన బావమరిది రామ్‌ప్రసాద్‌ని కుదిర్చారు. ఇరవై ఆరేళ్ళ కుర్రాడు, మిల్లు పని తెలిసినవాడు, విజయవాడ దాటి ఎరగడు. ఆ రోజు నుంచి బావగారికి తిండి సయించలేదు.

నేను పాస్‌పోర్టు జెరాక్సులు తీస్తుంటే రామ్‌ప్రసాద్ పక్కన నిలబడి ఒకటే పాఠం.

"ఎల్లో ఫీవర్ కార్డు చొక్కా జేబులో ఉండాలిరా, బ్యాగులో కాదు. అది లేకపోతే ఎయిర్‌పోర్టులోనే ఆపేస్తారు. ఎవర్ని ఏది అడగాలన్నా ముందు బోంజూర్ అని వాళ్ళ ఫ్రెంచిలో నమస్కారం చెప్పాలి. మనలాగా మీదపడి 'బస్సు ఎప్పుడండీ' అంటే మొహం తిప్పుకుంటారు. ఊళ్ళో తిరగడానికి మోటారుసైకిళ్ళుంటాయి, పసుప్పచ్చ చొక్కాల వాళ్ళవి. ఎక్కకముందే బేరమాడుకో. డిసెంబర్లో ఎడారి దుమ్ము కొడుతుంది, ముక్కుకి గుడ్డ కట్టుకో. దోమతెర..."

"నాలుగుసార్లు చెప్పారు బావగారూ."

"ఐదోసారి విను. దోమతెర లేకుండా ఒక్క పూట కూడా పడుకోకు. జ్వరం తగిలిందా, ఆ రోజే డాక్టరు. రేపు చూద్దాంలే అనుకోకు."

ఇంతలో పెద్ద చిక్కు వచ్చిపడింది. రామ్‌ప్రసాద్ మద్రాసు వెళ్ళి ఆ ఎల్లో ఫీవర్ ఇంజెక్షన్ చేయించుకుని వచ్చాడు. పది రోజులు గడిస్తే గానీ ఆ కార్డు చెల్లదు. వాళ్ళమ్మ మాణిక్యమ్మ గారు మాత్రం గురువారం ముహూర్తం పెట్టించి కూర్చున్నారు. గురువారానికి ఇంజెక్షన్ చేయించుకుని ఆరు రోజులే. అది దాటితే మూఢం.

"మూఢంలో నా కొడుకుని గడప దాటనివ్వను అల్లుడు గారూ. సూది మందు కోసం ముహూర్తం మార్చుకుంటారా ఎవరైనా?"

"గురువారం వెళ్తే బొంబాయి నుంచే వెనక్కి పంపేస్తారు అత్తయ్య గారూ!"

వాదన నా బూత్ ముందే జరిగింది. ఇద్దరూ తగ్గలేదు. చివరికి ధనరాజు గారికే ఉపాయం తట్టింది. ప్రస్థానం పెడదామన్నారు. ముహూర్తానికి సామాను ఇల్లు దాటించి వేరేవాళ్ళింట్లో పెడితే ప్రయాణం మొదలైనట్టే, మనిషి తర్వాత తీరిగ్గా బయల్దేరవచ్చు. మాణిక్యమ్మ గారు కాసేపు గొణిగి సరేనన్నారు.

గురువారం పొద్దున్నే రామ్‌ప్రసాద్ పెట్టె ధనరాజు గారింటికి చేరింది. ఆ నాలుగు రోజులూ ఆయన దాన్ని ఎన్నిసార్లు విప్పి సర్దారో లెక్కలేదు. మాత్రలు తక్కువయ్యాయని ఒకసారి, దోమతెరకి చిల్లుందని ఇంకోసారి బజారుకి పరిగెత్తారు. కుర్రాడు నవ్వుతూ రైలెక్కాడు. ఈయన మాత్రం ప్లాట్‌ఫారం చివరిదాకా కిటికీ పట్టుకుని నడుస్తూనే ఉన్నారు.

పన్నెండు రోజులకి నా బూత్‌కి కొటొను నుంచి ఫోన్ వచ్చింది. కబురంపగానే భార్యాభర్తలిద్దరూ వచ్చారు. అక్క సూర్యకుమారే ముందు అందుకుంది. కార్డు చెల్లిందని, పని బాగుందని తమ్ముడు చెబుతుంటే ఆవిడ మొహం విప్పారింది. అంతలోనే ముడుచుకుపోయింది. ఫోన్ పెట్టేసి భర్త వైపు తిరిగింది.

"మిల్లు వాళ్ళు ముందు మిమ్మల్నే రమ్మని రాశారట. నేను ఒప్పుకోలేదని జవాబిచ్చారట. నన్నెప్పుడు అడిగారండీ మీరు?"

ధనరాజు గారు నా వైపు చూశారు. నేను మీటరు వైపు చూశాను.

"అడిగితేగా నేను వద్దనడానికి!"

"భయమేసింది" అన్నారాయన. "అక్కడ జ్వరమొచ్చి పదకొండు రోజులు స్పృహ లేదు నాకు. మీకెవరికీ చెప్పలేదు. మళ్ళీ వెళ్తే ఈసారి లేవనేమోనని..."

ఇన్నాళ్ళూ ఆవిడని తప్పుపట్టినందుకు నాకు సిగ్గేసింది. ఆవిడ మాత్రం అరవలేదు, ఏడవలేదు.

"మరి మా తమ్ముణ్ణి పంపారే?"

ధనరాజు గారు ఫోన్ నా వైపు తోశారు.

"మిల్లు నంబరు చెబుతాను, కలపండి. వాణ్ణి వచ్చెయ్యమంటాను. నేనే వెళ్తాను."

నేను నంబరు నొక్కాను. లైను దొరకలేదు. మళ్ళీ నొక్కుతూ ఓరకంట సూర్యకుమారి గారిని చూశాను. ఆవిడ ఇప్పుడు కూడా వద్దనలేదు.