చేని నడుమ కట్ట

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజుల్లో మా ఊళ్లో భూసంరక్షణ సంఘం పెట్టారు. నన్ను దానికి ప్రెసిడెంటును చేశారు. నాలో ఏదో నాయకత్వ లక్షణం కనిపించి చేశారని చాలాకాలం అనుకున్నాను. అసలు సంగతి ఏమిటంటే, ఊరంతటిలో సైకిలూ, అర్జీ రాయగల చేతివ్రాతా రెండూ ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. జీతం లేని పదవి. పులివెందుల ఆఫీసు చుట్టూ తిరగడం, ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించడం, ఎవరు ఎవరి మీద అలిగినా వచ్చి నా మీద అరిస్తే వినడం, ఇవీ ఆ పదవికున్న హక్కులు. అప్పటికి నాకు ముప్పై దాటలేదు. ఆ పని నాకు మహా ఇష్టంగా ఉండేది.

మా ఊరు పులివెందులకూ చక్రాయపేటకూ నడుమ కొండవాలులో ఉంది. అన్నీ మెట్ట చేలు. కొర్ర, జొన్న, శనక్కాయ. వాన పడదంటే పడదు, పడిందా ఒక్క పూటలో కుమ్మరించి పోతుంది. పై చేలల్లోంచి నీళ్లు దూకుతూ వచ్చి మెత్తటి మట్టినంతా వంకలోకి ఈడ్చుకుపోయేవి. కొన్ని చేలల్లో అప్పటికే గరుసు తేలి, నాగలి దించితే కర్రు గీరుకునే చప్పుడు తప్ప ఏమీ మిగలలేదు. దీనికి సర్కారువారు చెప్పిన ఉపాయం చాలా తేలిక. వాలుకు అడ్డంగా, ఒకే మట్టంలో కట్టలు వేయాలి. నీళ్లు కట్ట వెనక నిలిచి నేలలో ఇంకుతాయి. ఎక్కువైనవి రాళ్లు పేర్చిన మరవలోంచి నిదానంగా దిగిపోతాయి.

మట్టం చూడడానికి ఒక ఓవర్సియరును పంపారు. గుంటూరు వైపు అబ్బాయి. ఎర్రగుంట్లలో రైలు దిగి, రెండు బస్సులు మారి, మూడు కాళ్ల లెవెలు యంత్రాన్ని పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని వచ్చాడు. ప్రతి మాటకూ చివర ‘అండీ’ తగిలించేవాడు. అంత మెత్తగా మాట్లాడే మనిషికి పని తెలుసునని మేమెవరం నమ్మలేదు. మా వైపు, తెలిసినవాడు గట్టిగా మాట్లాడతాడు. తెలియనివాడు ఇంకా గట్టిగా మాట్లాడతాడు.

సంఘం కాగితం మీద మొదట వేలిముద్ర వేసింది ఒక ఒంటరి ఆడమనిషి. నాకంటే పదేళ్లు పెద్ద. అక్కా అని పిలిచేవాణ్ణి. భర్త పోయి చాలా ఏళ్లయింది. వాలుకు అడుగున రెండెకరాల చేను తప్ప ఆమెకు వేరే ఆధారం లేదు. పైనుంచి వచ్చే నీళ్లన్నీ ఆమె చేని మీదుగానే పోయేవి.

“పై నీళ్లు నా చేని మీద పడకుంటే సాలప్పా. వేలు యాడ పెట్టమంటావు?” అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె నా ముఖంలోకే చూస్తోంది.

ఆమెకు సరిగ్గా పైన ఒక పెద్దాయన చేను. పదిహేనెకరాలు ఒకే చెక్క. నాకు మామ వరస. ప్రొద్దుటూరు శనక్కాయ వ్యాపారులు కూడా ఆయన్ను లేచి పలకరించేవారు. కొడుకులిద్దరూ పెళ్లిళ్లయినా ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండుకు తినేవారు. ఆ సంగతి ఆయన మీసానికి పెట్టిన నూనెలాగా నలుగురికీ కనిపించాలని ఆయన కోరిక. ఓవర్సియరు సున్నంతో గీసిన గీత వంపు తిరుగుతూ వచ్చి ఆ పదిహేనెకరాల నడిబొడ్డున పోయింది.

పెద్దాయన గీత దగ్గర కర్ర పాతి నిలబడ్డాడు.

“ఏందిరా అల్లుడా ఇది? నేను బతికుండంగనే నా చేను భాగాలు పెడ్తాండావా?”

“భాగాలు కాదు మామా, నీళ్లు నిలబడేదానికి.”

“నీళ్ల కత నాకు చెప్పొద్దు. చేని నడుమ కట్ట పడితే దావన పొయ్యేటోళ్లు ఏమంటారు? కొడుకులు వేరుబడినారంటారు. నాలుగు దినాలకు నా కోడండ్లు గూడా అదే మాట అంటారు. నా ఇంట్లో రెండో పొయ్యి పెట్టిస్తావా నువ్వు?”

ఆయన మొండితనం కాదది. మా ఊళ్లో చేని నడుమ కొత్త గట్టు పడిందంటే అన్నదమ్ములు విడిపోయారనే అర్థం. వేరే అర్థం మేమెప్పుడూ వినలేదు. ముందు గట్టు, ఆ తర్వాత రెండో పొయ్యి, ఆ తర్వాత కోర్టు. ఆ వరస అందరం చూసినవాళ్లమే.

నాకు మాత్రం మరో లెక్క తట్టింది. ఈయన కాదంటే ఊళ్లో సగంమంది కాదంటారు. ఈయన ఔనంటే అందరూ వస్తారు. అందుకని కట్టను చేని నడుమ కాకుండా, ఆయన సరిహద్దు గట్టు వెంబడే తిప్పమన్నాను. ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఓవర్సియరు మాత్రం యంత్రం దగ్గరనుంచి కదల్లేదు. “అలా వద్దండీ. ఆ మూల పల్లమండీ. నీళ్లన్నీ అక్కడికే చేరతాయి. కట్ట ఆగదండీ” అన్నాడు.

“ఆగేట్ల కట్టిస్తాంలే. ఆ మూల ఇంకో రెండడుగులు లేపుదాం. మా ఊరి సంగతి నీకు తెల్దు” అన్నాను.

అతను మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ అండీతోనే చెప్పాడు. కాస్త గొంతు పెంచి ఉంటే వినేవాడినేమో అని తర్వాత ఎన్నోసార్లు నన్ను నేను సమర్థించుకున్నాను. అబద్ధం. వినేవాణ్ణి కాదు.

వేసవంతా పని జరిగింది. నేను అనుకున్నట్టే పెద్దాయన వెనక ఊరంతా వచ్చింది. మగవాళ్లు పారలతో తవ్వారు, ఆడవాళ్లు గంపలతో మోశారు. కట్ట మీద నిలబడి చూస్తుంటే నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. పులివెందుల ఆఫీసులో కూడా ఇప్పుడు కుర్చీ చూపించేవారు.

దసరా వెళ్లిన వారానికి వాన వచ్చింది. మధ్యాహ్నం మొదలై పొద్దుగూకకముందే ఆగిపోయింది. మిగతా కట్టలన్నీ నిలబడ్డాయి. పల్లపు మూల ఒక్కటే తెగింది. మామూలుగా అయితే ఆ నీళ్లు పదిచోట్ల పలచగా దిగేవి. మేము వాటన్నిటినీ ఒకచోట కూడగట్టి, ఎత్తు పెంచి, ఒక్కసారిగా ఆమె చేని మీదికి వదిలాం.

నేను పరుగెత్తుకుంటూ వెళ్లేసరికి ఆమె చేని నడుమ నిలబడి ఉంది. పీకడానికి సిద్ధంగా ఉన్న శనక్కాయ చెట్లు లేవు. మట్టీ లేదు. రెండెకరాల్లో సగానికి పైగా తెల్లటి గరుసు, నడుమ మోకాలి లోతు కోత. తిడుతుందనుకున్నాను, శాపాలు పెడుతుందనుకున్నాను. ఆమె నన్ను చూసి, “వచ్చినావా” అని మాత్రం అంది. ఏదో గొణిగి ఇంటికొచ్చేశాను.

నాలుగు రోజులకు కబురొచ్చింది. జమ్మలమడుగు వైపు పనులు చూసుకుని పై అధికారి ఒకరు మా ఊరికి విచారణకు వస్తున్నారని. సంఘం సభ్యులు మా ఇంటి అరుగు మీద చేరారు. తప్పు ఓవర్సియరుదేనని నిమిషంలో తేలిపోయింది. కోస్తావాడికి మన నేల సంగతేం తెలుసు అన్నారు. అర్జీ రాయమన్నారు. నేను రాశాను. చక్కటి చేతివ్రాతతో, ‘ఓవర్సియరు గారి అజాగ్రత్త వలన’ అని రాశాను. కలం ఎక్కడా ఆగలేదు. ఇప్పటికీ నన్ను బాధించేది అదే.

అందరూ సంతకాలు చేశాక ఆమెను పిలిపించారు. నష్టపోయిన మనిషి వేలిముద్ర లేకపోతే అర్జీకి బలముండదు కదా.

“ఏమని రాసినారు దాంట్లో?” అని అడిగింది. చదివి వినిపించాను.

“ఆయప్ప వద్దన్యాడు గదా,” అంది. “నేను ఆడనే ఉండా, పేడగంప నెత్తిన పెట్టుకోని. కట్ట ఆగదని మూడు తూర్లు చెప్పె. తిప్పమనింది నువ్వు. ఆయప్ప మీద యాల రాస్తివి?”

కోపంగా అనలేదు. మందు పేరు అడిగినట్టు అడిగింది. అరుగు మీద అందరూ నేల చూపులు చూస్తున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. అర్జీ మడిచి జేబులో పెట్టుకుని, “నిజమే. నేనే తిప్పమన్నా” అన్నాను. అధికారి వచ్చినప్పుడూ అదే చెప్పాను. ఆయన రాసుకుని వెళ్లిపోయాడు. ఓవర్సియరు నాకు దండం పెట్టాడు. ఆ దండం తీసుకోవడానికి నాకు ముఖం చెల్లలేదు.

మరునాడు పెద్దాయన తనంతట తానే వచ్చాడు. “ఆ గీత మళ్లా గీయించు. నా చేని నడుమనే పోనీ” అన్నాడు. ఒక్క షరతు పెట్టాడు. కట్ట తవ్వే రోజుల్లో వచ్చినవాళ్లందరికీ అన్నం ఆయనింటినుంచే రావాలి, కోడళ్లిద్దరూ కలిసి కట్ట మీదే వడ్డించాలి. అలాగే జరిగింది. ఊరంతా సంగటి తిని, ఒక్క పొయ్యి మీదే వండారని సాక్ష్యం చెప్పింది. కట్ట ఇప్పుడు లెవెలు చెప్పినచోట పడింది.

మిగిలింది ఆమె చేను. వంకలో పేరుకున్న ఒండ్రును బండ్లతో తోలి ఆ గరుసు మీద పరచాలని తీర్మానించాం. బండి ఉన్న ప్రతి ఇల్లూ కొన్ని రోజులు తోలింది. నేను ఆ ఎండాకాలమంతా తోలాను. ఆమె గంప పట్టుకుని మాతో సమానంగా మట్టి చిమ్మింది. అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. మరుసటి ఏడు ఆ చేనిలో కొర్ర మోకాలి ఎత్తు కూడా రాలేదు. కొత్త మట్టి నేలలో కలవడానికి ఇంకా కొన్నేళ్లు పడుతుందని ఓవర్సియరు చెప్పాడు. ఈసారి విన్నాను.

ఆ ఏడు సంఘం సమావేశంలో రాజీనామా కాగితం తీశాను. రాత్రంతా కూర్చుని రాసుకున్న కాగితం. నా పొరపాటు, నా బాధ్యత, కొత్తవారికి అవకాశం అంటూ చాలా హుందాగా ఉంది. నిజం చెప్పాలంటే ఆ చేని పక్కగా నడవలేక పారిపోతున్నాను. నలుగురూ వద్దు వద్దని బతిమాలితే కాస్త బెట్టు చేసి, చివరికి వెళ్లిపోదామనుకున్నాను. చదవడం అయ్యింది. ఎవరూ బతిమాలలేదు. ఆడవాళ్ల వరసలోంచి ఆమె లేచింది.

“నువ్వు దిగిపోతే ఎట్లప్పా? నా చేను పోగొట్టి నేర్చుకున్న్యావు. ఇప్పుడు కొత్తోడొస్తే వాడు గూడా మళ్లా నా చేని మీదనే నేర్చుకోవాల. కూసో.”

ఒక్కరూ నవ్వలేదు. నేను కూర్చున్నాను.