బంగారరాజు గారి ఊడే అద్దం

మా అంబాజీపేటలో బంగారరాజు గారి కారెక్కిన వాళ్ళెవరూ ఆయన కారు తోలుతుండగా చూశామని చెప్పరు. అద్దం అంటిస్తుండగా చూశామని చెబుతారు. కారు ముందుగాజుకి లోపలివైపు, వెనక వచ్చే బళ్ళు కనబడడానికి చిన్న అద్దం ఒకటి ఉంటుంది కదా, అదీ ఆయన లోకం. బయల్దేరిన కాసేపటికి అది ఊడి ఆయన ఒళ్ళో పడాలి. ఆయన కారాపి దాన్ని మళ్ళీ అంటించాలి. ఈ రెండూ జరగకుండా ఆ కారు ఏ ఊరూ చేరిన దాఖలా మా వైపు లేదు.

ఆ కారు వాళ్ళ నాన్నగారి హయాంలో కొన్నది. కోర్టు వ్యాజ్యాల్లో మెరకా పల్లమూ పొలాలన్నీ కరిగిపోయాక ఆయన వాటాకి కారొక్కటీ మిగిలింది. రాజుల బిడ్డవై ఉండి కిరాయికి తోలడమేమిటని చుట్టాలు నొచ్చుకుంటే, "ఆయ్, నిజమేనండి" అని ఒప్పేసుకుని మర్నాడు పొద్దున్నే మళ్ళీ కిరాయికి వెళ్ళేవారు. ఆయన నోట కాదనే మాట ఎవరూ వినలేదు. దేనికైనా ఆయ్, చిత్తం, అలాగేనండి. ఆ తర్వాత తను చేసేది తను చేసుకుపోయేవారు. నేను గుమాస్తాగా ఉన్న కొబ్బరికొట్టుకి ఎదురుగానే ఆయన కారు షెడ్డు. అంచేత ఆ అద్దం చరిత్ర నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

అద్దాన్ని పట్టి ఉంచే మర ఉప్పుగాలికి తుప్పు పట్టి ఎప్పుడో రాలిపోయింది. అప్పట్నుంచీ ఆయన వాడని బంక లేదు. తుమ్మజిగురు అయింది. ఉడకేసిన మైదాపిండి అయింది. పనసబంక పెట్టిన రోజుల్లో కారు నిండా ఈగలే. బెల్లమూ సున్నమూ కలిపి పెట్టినప్పుడు ఎర్రచీమలు బారులు తీరి వచ్చాయి. ఆ వారం ఐనవిల్లి వినాయకుడి గుడికి బయల్దేరిన ఒక పెద్దమనిషి పంచెలోకి అవి దూరితే, పాపం, గుడి చేరకుండానే కారు చుట్టూ ప్రదక్షిణాలు మొదలెట్టాడు.

అంటించడమంటే మామూలు వ్యవహారం కాదు. ముందు కారు రోడ్డు పక్కకి తీయాలి. కాలవలోకి దిగి చేతులు కడుక్కోవాలి. కండువా చెంగుతో అద్దం తుడిచి, ఊది, మళ్ళీ తుడవాలి. సీటు కింద కొబ్బరిచిప్పలో దాచిన బంక తీసి పూయాలి. ఆ పైన బొటనవేలితో అద్దాన్ని గాజుకేసి నొక్కిపట్టి కళ్ళు మూసుకోవాలి. ఆ నొక్కిపట్టినంతసేపూ కార్లో ఎవరూ కదలకూడదు, దగ్గకూడదు. ఒకసారి పొలం గట్టు తగాదా పెట్టుకుని అమలాపురం కోర్టుకి వెళ్తున్న అన్నదమ్ములిద్దరు వేరే బండి దొరక్క ఆయన కారే ఎక్కారు. బంక ఆరేలోపు తోచక, ఒకరి పిల్లల సంగతి ఒకరు గుసగుసగా అడిగారు. అక్కడే రాజీపడి, ఒకే గొడుగులో ఊళ్ళోకి నడిచొచ్చేశారు. వాళ్ళ వకీళ్ళిద్దరూ ఆ తర్వాత బంగారరాజు గారు కనబడితే మొహం తిప్పుకునేవారు.

అమలాపురంలో మాణిక్యాలరావనే మెకానిక్కు ఈ బాధ చూడలేకపోయాడు. ఒకరోజు సామాను సంచీ తగిలించుకుని తనే వచ్చేశాడు. చట్రానికి రెండు కన్నాలేసి కొత్త మరలు బిగిస్తే మనవల కాలం దాకా ఊడదని, ఆ పని చేస్తే తనకి మనశ్శాంతిగా ఉంటుందని బతిమాలాడు. చాలా మంచి ఆలోచన అని రాజుగారు మెచ్చుకున్నారు. కుర్చీ వేశారు, బొండాం కొట్టించారు, వాళ్ళావిడ ఆరోగ్యం అడిగారు, పొద్దు వాలుతోందని కార్లో స్వయంగా అమలాపురంలో దింపి వచ్చారు. దారిలో అద్దం యథాప్రకారం ఊడింది. కన్నాలు మాత్రం పడలేదు.

ఇంతకన్నా విడ్డూరం ఇంకోటుంది. ఒకసారి రేవులో పడవవాళ్ళు చెక్కల సందులు పూడ్చే గుగ్గిలం కాస్త ఇస్తే, సరదాకి దాంతో అంటించారు. అద్దం బండలా పట్టేసింది. ఎన్ని గతుకుల్లో పడ్డా చలించలేదు. నేను కొట్టులోంచి పరిగెత్తుకెళ్ళి, ఇన్నాళ్ళకి మీ కష్టం గట్టెక్కిందండీ అని అభినందించాను. ఆయన మొహం చూస్తే ఇంట్లో ఎవరికో జబ్బు చేసినట్టుంది. "ఇంత గట్టిగా ఉంటే ఎలాగండీ మూర్తిగారూ" అని, కూరగాయల కత్తి తెచ్చి మధ్యాహ్నమంతా కూర్చుని దాన్ని గీకి గీకి ఊడదీశారు. ఈయనకి ఏదో గాలి సోకిందని ఆవేళే తీర్మానించుకున్నాను.

ఇలా ఉండగా మా మేనకోడలు కాంతాన్ని ఉప్పలగుప్తం కాపరానికి పంపే రోజు వచ్చింది. మా అక్కయ్య మంగాయమ్మకి భర్త పోయేనాటికి కాంతం పాలు మరిచిన పిల్ల. తల్లీకూతుళ్ళిద్దరూ ఒకరి చెయ్యి ఒకరు వదలకుండా పెరిగారంటే అబద్ధం కాదు. అలాంటి పిల్లని తీసుకెళ్ళడానికి పెళ్ళికొడుకు మేనత్త వెంకటరమణమ్మ గారు వచ్చారు. ఆవిడకి తెలిసిన శాస్త్రాలు పంచాంగం రాసేవాళ్ళకి కూడా తెలియవు. గడప దాటేటప్పుడు ఏ కాలు ముందు, కార్లో ఏ పక్కన కూర్చోవాలి, ఒళ్ళో ఏం పెట్టుకోవాలి, అన్నిటికీ లెక్కుంది. అన్నిటికన్నా గట్టిది, కారు కదిలాక పిల్ల వెనక్కి తిరిగి చూడకూడదు. చూస్తే అత్తారింట్లో కాలు నిలవదట.

అది సరే. బయల్దేరే వేళకి తల్లి ఎదురు రాకూడదన్నదే మాకు ప్రాణం మీదికొచ్చింది. పసుపూ కుంకుమా లేని మనిషి శుభమా అని వెళ్ళే పిల్లకి కనబడితే మంచిది కాదంటారు. ఆ మాట వెంకటరమణమ్మ గారు అనేలోపే మా అక్కయ్య తనంతట తను పెరటిగదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. కాంతం కారు దగ్గరదాకా వచ్చి ఆగిపోయింది.

"మావయ్యా, ఒక్కసారి అమ్మ మొహం చూపించు. ఎక్కేస్తాను" అంది.

నేను పెరట్లోకి వెళ్ళి తలుపు తట్టాను. మా అక్కయ్య తలుపు తీయలేదు. "నాకు మాత్రం చూడాలని లేదట్రా? దాని కాపరం చల్లగా ఉండాలి. ఎక్కించు" అంది లోపల్నుంచి.

ఆ మాటే వచ్చి కాంతానికి చెప్పాను. తల వంచుకుని ఎక్కి కూర్చుంది. ఏడ్చినా బాగుండేది, ఏడవలేదు కూడా. నాకే ఏడుపొచ్చింది. మేనమామ బావురుమంటే బాగుండదని పంచె సర్దుకుంటున్నట్టు నటించి ముందు సీట్లో కూలబడ్డాను.

కారు కదిలింది. ఎండగా ఉన్నా టాపు మడిచేసే ఉంది. కొత్తపెళ్ళికూతురికి గాలాడాలని రాజుగారు అలాగే తీసుకెళ్ళేవారు. వెనక సీట్లో వెంకటరమణమ్మ గారు కాంతం భుజమ్మీద చెయ్యేసి, వెనక్కి తిరక్కు తల్లీ అని జపం చేస్తున్నట్టు చెబుతోంది. వీధి చివర కాలవ వంతెన ఎక్కామో లేదో, అద్దం ఊడి రాజుగారి ఒళ్ళో పడింది.

నా ఒళ్ళు మండిపోయింది. "రాజుగారూ, మీకు దణ్ణం పెడతాను. ఇవాళొక్క రోజూ దాన్ని జేబులో పెట్టుకుని పోనివ్వండి. అవతల దుర్ముహూర్తం వచ్చేస్తోంది" అన్నాను.

"ఆయ్, తప్పకుండానండి" అని ఆయన కారు ఆపేశారు.

ఆశ్చర్యం ఏమిటంటే ఆవేళ కాలవలోకి దిగలేదు, కళ్ళూ మూసుకోలేదు. గబగబా బంక పూసి, అద్దాన్ని గాజుకి ఆనించి, తల తిప్పకుండానే, "అమ్మాయిగారూ, నాకు చూపు సరిగ్గా ఆనడం లేదండి. అద్దం తిన్నగా ఉందో లేదో కాస్త ఇలా ముందుకు చూసి చెబుతారా అండి?" అన్నారు.

ముందుకి చూడొద్దని ఏ శాస్త్రంలోనూ లేదు గనక వెంకటరమణమ్మ గారు ఊరుకుంది. కాంతం తలెత్తింది. రాజుగారు అద్దాన్ని అటూ ఇటూ తిప్పుతున్నారు. ముందు కొబ్బరి మట్టలు కనబడ్డాయి. తర్వాత వెంకటరమణమ్మ గారి ముక్కుపుడక కనబడింది. ఆ తర్వాత మేం వచ్చిన వీధి కనబడింది.

"ఇప్పుడండి?"

"కొంచెం కిందకండి" అంది కాంతం. కారెక్కాక అదే దాని మొదటి మాట.

"ఇప్పుడో అండి?"

కాంతం అద్దానికే కళ్ళప్పగించింది. నాకు ఏ నిషేధమూ లేదు కాబట్టి వెనక్కి తిరిగి చూశాను. మా అక్కయ్య వీధి మధ్యలో నిలబడి ఉంది. ప్రయాణం సాగిపోయింది, ఇంక తను ఎదురొచ్చినట్టు కాదని, కారు కదలగానే పరిగెత్తుకొచ్చి ఉంటుంది. కూతురు తనని చూస్తోందని అక్కయ్యకి తెలియదు. ఓసారి కళ్ళు ఒత్తుకుంటోంది, ఓసారి కారు వైపు చెయ్యెత్తి దీవిస్తోంది. అద్దంలో కాంతం కళ్ళు నిండిపోయాయి. కానీ మొహం మాత్రం విచ్చుకుంది.

రాజుగారి బొటనవేలు అద్దమ్మీద అలాగే ఉంది. ఇంకా ఎంతసేపని వెనక నుంచి ప్రశ్న రానే వచ్చింది.

"బంక ఆరాలండి అమ్మగారూ. పచ్చిమీద వదిలేస్తే జారిపోద్దండి" అన్నారాయన.

అంతగా ఆ అద్దంలో ఏముందోనని వెంకటరమణమ్మ గారు ముందుకి వంగింది. ప్రయాణం చెడింది, బండి వెనక్కి తిప్పమంటుందని సిద్ధపడ్డాను. ఆవిడ అద్దంలోకి చూసింది. కాంతం మొహంలోకి చూసింది. మెల్లిగా వెనక్కి జారగిలబడింది.

"బాగా ఆరనివ్వండి రాజుగారూ, తొందరేం లేదు" అంది. ఆ పైన ఎవరితోనూ కానట్టు, "మమ్మల్ని కాపరానికి తీసుకొచ్చిన గూడుబండికి అద్దం లేకపోయింది" అంది.

అమలాపురం దాటేసరికి కాంతమూ ఆవిడా మాగాయలో మెంతిపిండి ఎంత పడాలన్న దానిమీద వాదించుకుంటున్నారు. ఉప్పలగుప్తంలో సరిగ్గా దుర్ముహూర్తం నడిమధ్యన దిగాం. మగపెళ్ళివారు కంగారుపడబోతే, ఈ ఏటి పంచాంగం నిండా తప్పులేనని వెంకటరమణమ్మ గారు వీధి గుమ్మంలోనే తేల్చేసి, పిల్లని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది.

తిరిగొచ్చేటప్పుడు కార్లో మేమిద్దరమే. ఇన్నాళ్ళూ మీరు వేసిన వేషం ఇదా అని నిలదీశాను. ఆయన సిగ్గుపడిపోయారు.

"మర బిగించేస్తే ఆపడానికి వంకేదండి? ఊరికే ఆపితే పెద్దవాళ్ళు కేకలేస్తారు. రాజుగారి అద్దం ఊడిందంటే నవ్వుకుని ఊరుకుంటారండి" అన్నారు.

పెళ్ళికూతుళ్ళ సంగతి సరే, మా అందరి ప్రాణాలూ ఎందుకు తీశారని అడిగాను.

"వాళ్ళకొక్కళ్ళకే ఊడితే అనుమానం వస్తుంది కదండీ" అన్నారు.

నాకు నవ్వాగలేదు. ఆయన చేతులు పట్టుకుని దణ్ణం పెట్టాలనిపించింది గానీ, స్టీరింగు వదిలేస్తారని భయపడి మానుకున్నాను. అసలీ ఆలోచన మీకెలా వచ్చిందండీ అని మాత్రం అడిగాను.

"మా ఇంటావిణ్ణి రాజోలు నుంచి తీసుకొచ్చిన రోజున ఈ కారు కొత్తదండి. కుర్రతనం, నేనే తోలేను. అద్దం బ్రహ్మాండంగా ఉంది. ఎక్కడా ఆపకుండా రయ్యిమని తీసుకొచ్చేసేనండి."

"పాపం, ఆవిడేమన్నారు?"

"ఇప్పటికీ అంటానే ఉందండి. ఇవాళ పొద్దున్న చద్దన్నం పెడతా కూడా అందండి."