వాళ్ళబ్బి

నిన్న సిడ్నీ దగ్గరి హెలెన్స్‌బర్గ్ గుడికి వెళ్తుంటే, తడి యూకలిప్టస్ వాసన మధ్య చిన్న కంగారూలాంటి వాలబీ ఒకటి, తన పిల్లను పొట్టసంచిలో పెట్టుకుని నిలబడి కనిపించింది. మా జేజి గుర్తొచ్చింది.

జేజి అంటే నాన్నవాళ్ళమ్మ. ఆమె కడప నుంచి సిడ్నీ వచ్చినప్పుడు నాకు ఏడేళ్ళు. పెరటి కంచె అవతల అలాంటి జంతువునే చూపించి పేరు చెప్పాను.

"సంచిలో ఉండేది వాళ్ళబ్బి కదమ్మీ, దానికే ఆ పేరు పెట్టినారు" అంది జేజి. అబ్బి అంటే సీమలో కొడుకు. నేను నమ్మేశాను.

క్లాసులో అదే చెప్తే అందరూ నవ్వారు. అది ఈ నేల మొదటి మనుషులైన ధరుగ్‌ల మాట అంది టీచర్.

"వాళ్ళిప్పుడు ఆ భాష మాట్లాడతారా, మిస్?"

"కొద్దిమందే. ఒకప్పుడు బడుల్లో వాళ్ళ పిల్లల్ని ఆ భాష మాట్లాడనివ్వలేదు."

ఏడుస్తూ ఇంటికొచ్చాను. నాన్న జేజి మీద విసుక్కున్నాడు. "అమ్మా, పాపతో తెలుగు వద్దు. స్కూల్లో కన్ఫ్యూజ్ అవుతోంది."

జేజికి ఇంగ్లీషు రాదు. కడప తిరిగి వెళ్ళేదాకా మౌనంగానే నాకు జడలు వేసింది. నా మీద కోపమనుకున్నాను. కాదని తెలిసేసరికి ఆమె లేదు.

ఇప్పుడు నాన్న, మనవరాలికి తెలుగు నేర్పలేదని నన్ను తప్పుపడుతుంటాడు. నేను నా కూతురికి జడలు వేస్తుంటాను.