వేర్లు పీకితే కదిలిన గుట్ట

డెబ్బైల మొదట్లో, గుంటూరు నల్లరేగడి తప్ప మరో నేల ఎరుగని నాకు మట్టి పరీక్షల శాఖలో ఉద్యోగం వచ్చింది. ఒక ఉదయం నమూనా కోసం సంగారెడ్డి దగ్గరి అడవి గుట్ట ఎక్కాను. ఏటవాలులో అడ్డుగా ఉన్న తంగేడు పొదను వేళ్లతో సహా పెకలించి, గునపంతో గొయ్యి తవ్వసాగాను. మట్టి తక్కువ, మొరం రాళ్లే ఎక్కువ. నాలుగు పోట్లకే కాలి కింద నేల జారి, రాళ్లు కిందికి దొర్లాయి. కింద ఒక ముసలమ్మ మేకలకు కొమ్మలు కోస్తోంది!

"అమ్మా, తప్పుకో!" అని అరిచాను. ఆమె చప్పున చెట్టు చాటుకు జరిగింది. రాళ్లు పక్కనుంచి దొర్లిపోయాయి. నేను గునపం వదిలేసి అక్కడే కూలబడ్డాను.

ఆమె పైకెక్కి వచ్చింది. తిడుతుందనుకున్నాను.

"దెబ్బ తాకిందా బిడ్డా?" అని నన్నే అడిగింది. "గీ మొరానికి పట్టుండదు. చెట్ల ఏర్లే పట్టుకొని ఉంటయి. పొదనే పీకితివి, ఇగ నిలుస్తదా?"

ఆమె చూపించిన చోట, పొదల నడుమ ఖాళీలో చిన్న గొయ్యి తవ్వాను. ఆమె మాటను నివేదికలో రాస్తే మా ఆఫీసరు, "ఇది ఎవరు చెప్పారు?" అన్నారు. "మేకలు కాసే అమ్మ" అన్నాను. ఆయన నవ్వి, ముఖ్యమైన మాటేనని ఆ వాక్యం కింద గీత గీశారు.

నా తొందరపాటు వల్ల ఎవరికీ ఏమీ కాలేదన్న నిశ్చింతతో, గుట్ట దిగి వచ్చిన సాయంత్రం తిన్న అన్నం రుచి ఇప్పటికీ మరిచిపోలేదు.