ఓబులమ్మ నమిలిన బియ్యం

ఈ కబురు నాకు మొదట తెచ్చింది పూలమ్మే మస్తానమ్మ. విత్తనానికని తెచ్చిన శనక్కాయల మీద నీళ్లు చిలకరిస్తున్నాను, తడిసిన పొట్టు నుంచి మన్ను వాసన లేస్తోంది. మూర కొలుస్తూ ఆమె అంది: "అక్కా, మీ ఊరి ఓబులమ్మ కూతురు ఒంటిమిట్ట తిరనాళ్లలో గొలుసు తెంచుతా దొరికిండాదంట. తల్లి బుద్ధి యాడికి పోతాది, రక్తంలోనే ఉండాది." ఒళ్లు మండిపోయింది. పూలు తీసుకోకుండానే లేచాను.

మాది కమలాపురం పక్క పల్లె. తొలకరికి ముందు, గాలి కూడా నిప్పులా తగిలే రోజుల్లో, మా వసారా నిండా ఆడవాళ్లు కూర్చుని విత్తనం ఒలిచేవాళ్లు. మోకాలెత్తు పొట్టు కుప్పల్లో మేం పిల్లలం దూకుతుంటే, ఉడికిన కాయల వాసన, మా నాయనమ్మ, జేజి, చేసే ఓళిగల నేతి వాసన, ఆ దుమ్ము, అన్నీ కలిసి గొంతులోకి దిగేవి. మూడు పప్పుల కాయ దొరికితే, కూలికి ఒలిచే ఓబులమ్మ నా కోసం కొంగులో దాచేది. నన్ను బడికి పంపలేదు. జేజే ఒళ్లో కూర్చోబెట్టుకుని రామనామంతో అక్షరాలు దిద్దించింది. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆమె పెట్టిన భిక్షే. అందుకే ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఒక శనివారం దేవుని గూట్లో వెండి కుంకుమ భరిణె కనిపించలేదు. మా వైపు అప్పట్లో ఒక పద్ధతి ఉండేది: అనుమానం ఉన్నవాళ్లందరికీ దేవుని ముందు పెట్టిన బియ్యం పిడికెడేసి ఇచ్చి నమలమనేవాళ్లు. ఎవరి నోరు ఎండి బియ్యం పొడిగా మిగిలితే వాళ్లే దొంగ. జేజి ఆ రోజు ఒలవడానికొచ్చిన అయిదుగురికీ ఇచ్చింది.

"ఒక్కపొద్దు పెద్దమ్మా, పొద్దన్నించి గుక్కెడు నీళ్లు గూడా తాగలేదు," అంది ఓబులమ్మ, చంకలో ఆడబిడ్డను ఎత్తుకుని.

"దేవుని బియ్యానికి దోషం లేదు. నమలు మే."

మిగతా నలుగురూ ఉమ్మేశారు. ఓబులమ్మ దవడలు ఆడుతూనే ఉన్నాయి. "ఏమ్మే, నోట్లో విత్తనమేసినావా?" అని ఒకామె ఎగతాళి చేస్తే అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. చివరికి అరచేతిలో ఉమ్మితే తెల్లటి పొడి పిండి. దీపం పెట్టేదాకా మంచినీళ్లు ముట్టని ఆ ఒక్కపొద్దు ఆమెకు నేర్పింది మా జేజే. తనూ ఆ రోజు అదే ఒక్కపొద్దులో ఉంది. అయినా నమ్మింది బియ్యాన్నే.

నెలన్నరకు వాన పడి, విత్తనం మూట విప్పితే భరిణె అందులోంచి జారిపడింది. మూట కట్టేటప్పుడు కుంకుమ పెడుతూ జేజే దాన్ని లోపల వదిలేసింది. కొంగుతో తుడిచి గూట్లో పెట్టి, నా వైపు చూసి, "ఈ మాట గడప దాటకూడదు పాపా, మన ఇంటి పరువు," అంది. నేను దాటనియ్యలేదు.

ఆ తర్వాత ఓబులమ్మను ఎవరూ పనికి పిలవలేదు. ఎవరి కోడి పోయినా ముందు ఆమె గుడిసెనే వెతికారు. చంకలోని ఆ బిడ్డ పెరిగి బడికి పోతే, పలక పోయినా బలపం పోయినా మొదట దులిపింది దాని సంచినే. "దొంగదాని కూతురు" పక్కన ఏ తల్లీ తన పిల్లను కూర్చోనివ్వలేదు. చివరికి దాన్ని పక్కన కూర్చోబెట్టుకుంది నిజం దొంగలే.

నేరం ఎందుకు చేస్తారని చదువుకున్నవాళ్లు చాలా రాస్తారు. పేదరికం అంటారు, సావాసం అంటారు, లోకం వేసిన ముద్ర అంటారు. నేను పెద్ద చదువులు చదవలేదు గానీ, ఆ ముద్ర వేసిన చేతుల్ని చూశాను. అవి రోజూ తులసికి నీళ్లు పోసిన చేతులు. నోరు మూసుకుని పక్కన నిలబడ్డది నేను. రక్తమట, రక్తం. మనమే ఒక బతుకును గెంటుకుంటూ గెంటుకుంటూ గుంతలోకి తోసి, పడ్డాక పుట్టుకనే తప్పు పడతాం.

ఇప్పుడు ఆ వసారా లేదు. విత్తనం యంత్రాలే ఒలుస్తున్నాయి, బియ్యం నమిలించేవాళ్లు ఎవరూ మిగల్లేదు. ఓబులమ్మ కూడా పోయి చాలా ఏళ్లయింది. క్షమించమని అడగడానికి మనిషి లేదు. ఆమె కూతురు గొలుసు తెంచింది నిజమే, దానికి శిక్ష ఉంటే పడనీ. కానీ ఇది చదివిన మీరు ఓబులమ్మను గుర్తుపెట్టుకోండి. ఆమె మా ఇంట్లో ఏదీ తీయలేదు.