నాన్నెవరో అడగమన్న డాక్టరు

డాక్టర్ లాకీ మక్‌ఫీ రోగి మంచం పక్కన కుర్చీలో కూర్చున్నాడు. అందులో అప్పటికే బ్లూబెర్రీ కేకు ఒకటి ఉంది. రోగి భార్య తెచ్చి, గుడ్డ కప్పి పెట్టింది. ఆయన లేవలేదు. రోగి ఏదో చెబుతున్నాడు, చెప్పేవాడి మాట మధ్యలో లేచే అలవాటు ఆయనకు లేదు. మాట పూర్తయ్యాక లేచి, "కేకు మెత్తగా కుదిరిందమ్మా" అని ఆ ఇల్లాలితో అని, కోటు వెనక ఊదారంగు మరకతో వార్డంతా తిరిగాడు. వెనకే నడిచే విద్యార్థులకు మాత్రం ఎటు చూడాలో తోచలేదు.

వాళ్ళలో ఎఫీ గిల్లిస్ ఒకతె. నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది గానీ, ఆయన ఆ కుర్చీలో ఎందుకంత పట్టుగా కూర్చుంటాడో ఆమెకు తెలుసు.

మక్‌ఫీ గ్లేస్ బే అనే సముద్రతీరపు ఊళ్ళో బొగ్గుగని కార్మికుడి కొడుకు. వైద్యం మొదలుపెట్టిన కొత్తలో ఒక పడవవాణ్ణి "ఎలా ఉందయ్యా?" అని అడిగాడు. "ఫరవాలేదు" అన్నాడతను. సరే, ఫరవాలేదనుకున్నాడు డాక్టరు. కొద్దిరోజులకే అతన్ని పూడ్చిపెట్టి వచ్చాక, టీ పోస్తూ ఆ పడవవాడి భార్య చెప్పింది, మనిషి చాన్నాళ్ళుగా పడుకోలేక కూర్చునే నిద్రపోతున్నాడని.

హాలిఫాక్స్ వైద్య కాలేజీకి వచ్చి పాఠాలు చెప్పినన్నాళ్ళూ ఆయన మొదటి పాఠం అదే.

"మనవాళ్ళు చావబోతూ కూడా ఫరవాలేదనే అంటారర్రా. ముందు కూర్చోండి. వాళ్ళ నాన్నెవరో అడగండి. ఆ తర్వాత మీరు నోరు మూసుకుంటే చాలు."

ఎఫీ కిందటేడు ఆ పాఠం మరిచిపోయి, పరీక్షలో కంగారుకొద్దీ రోగి మీద ప్రశ్నలు కురిపించింది. అన్నిటికీ "ఫరవాలేదు" అన్నాడు. ఆమె పరీక్ష తప్పింది. ఈసారీ తప్పితే కాలేజీలోంచి పంపేస్తారు.

ఈసారి పరీక్షకుడు టొరొంటో నుంచి వచ్చిన డాక్టర్ ప్రింగిల్. చేతిలో గడియారం పట్టుకుని మంచం కాళ్ళవైపు నిలబడ్డాడు. మంచం మీద డంకన్ రాంకిన్, సముద్రంలో బుట్టలు వేసి లాబ్‌స్టర్లనే పెద్ద రొయ్యలు పట్టేవాడు.

ఎఫీ కుర్చీ తడిమి చూసుకుని మరీ కూర్చుంది.

"మీ నాన్నెవరు బాబాయ్?"

"సాండీ రాంకిన్. నువ్వెవరి పిల్లవే?"

"ఫిడేలు మేరీ మనవరాలిని."

"అలా చెప్పు. ఆవిడ వాయిస్తే మా నాన్న పొయ్యి మీద కూర మాడిపోతున్నా ఆడేవాడు."

"మీ నాన్న ఇంకా ఉన్నారా?"

"ఎక్కడే. నడివయసులోనే బుట్టలు లాగుతూ లాగుతూ వాటి మీదే వాలిపోయాడు. మా పెదనాన్నా అంతే. మా ఇంటి మగాళ్ళకు ఓపిక తక్కువ, ముసలితనం దాకా ఆగరు."

"నీకెలా ఉంది మరి?"

"ఫరవాలేదు."

ప్రింగిల్ దగ్గాడు. అయినా ఎఫీ తొందరపడలేదు.

"చర్చికి నడిచే వెళ్తున్నావా?"

"వెళ్ళకేం. గుట్ట సగం ఎక్కాక కాస్సేపు ఆగి సముద్రం చూస్తాను."

"పుట్టినప్పట్నుంచీ చూస్తున్న సముద్రమేగా బాబాయ్?"

డంకన్ కిటికీ వైపు తల తిప్పుకున్నాడు.

"ఈమధ్య మరీ బాగుంటోంది" అన్నాడు. చెయ్యి మాత్రం రొమ్ము మీదికి వెళ్ళింది. "ఇక్కడ బండ పెట్టినట్టుంటుంది. ఆగితే పోతుంది. మా ఇంటావిడతో అనకేం."

ఎఫీ అప్పుడు లేచి, చేతులు రుద్దుకుని వెచ్చజేసుకుని, అతన్ని పరీక్షించింది. గుండెకు నెత్తురు చాలడం లేదనీ, ఇది వంశంలో ఉన్నట్టుందనీ, అతని కొడుకుల్ని కూడా పిలిపించి చూడాలనీ ప్రింగిల్‌తో చెప్పింది.

వరండాలో ప్రింగిల్ ఆమె ప్యాసైనట్టు సంతకం చేశాడు. చేస్తూనే, అక్కడ కాచుకుని ఉన్న మక్‌ఫీ మీద విరుచుకుపడ్డాడు.

"జబ్బు సరిగ్గానే పట్టుకుంది, కాదనను. కానీ ఇదేం పద్ధతండీ? సగం సమయం చుట్టరికాలకే పోయింది. మీరు నేర్పేది వైద్యమా, పెళ్ళి సంబంధాలు చూడటమా?"

మక్‌ఫీ కళ్ళజోడు తుడుచుకుంటూ అన్నాడు:

"మా వైపు జబ్బులు కూడా చుట్టరికం చూసుకునే వస్తాయండీ."