శ్రావణంలో లగ్గం

నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఉండే ప్రహ్లాద్ సర్వే విమానంలో కెమెరా మనిషి. బేగంపేటలో ఎక్కి, చాలా ఎత్తు నుంచి ఊళ్లనూ చెరువులనూ పటాల కోసం ఫొటోలు తీసేవాడు. ఆకాశం తేటగా ఉంటేనే పని. అందుకే ఆ చలికాలం ఆబిడ్స్ బట్టల వ్యాపారి సదాశివ పెళ్లిచూపులకు రెండుసార్లు పిలిచినా రాలేకపోయాడు. చివరికి జ్యేష్ఠంలో, ముసురు పట్టిన రోజున గొడుగుతో వచ్చాడు.

సదాశివ కూతురు అహల్య బళ్లో టీచరు. సూటిగానే అడిగింది.

"మొగులుంటెనే వస్తరా మీరు?"

"ఔ. మొగులుంటే పైకెల్లి నేల కనబడది."

"మబ్బుల నడుమ సందులుంటయి కదా?"

ప్రహ్లాద్‌కు హుషారొచ్చింది. "నుమాయిష్ ఎగ్జిబిషన్ల మేడ మీదికెల్లి నిటారుగ కిందికి చూడున్రి, మనుషుల నడుమ నేల కనబడ్తది. దూరంగ గేటు దిక్కు చూస్తే తలకాయలే. మబ్బులు గూడ గంతే. దూరం చూసినకొద్ది సందులు మూసుకుంటయి."

అహల్య తండ్రివైపు తిరిగింది. "నాయినా, లగ్గం శ్రావణంల పెట్టున్రి. చలికాలంల పెడితే పెండ్లికొడుకు ఆకాశంల ఉంటడు."

"పందిరి తడుస్తది బిడ్డా!"

"తడవనియ్యున్రి."

తీరా పెళ్లిరోజు పొద్దున ఆకాశం అద్దంలా మెరిసింది. పనికి రమ్మంటూ ఆఫీసు డ్రైవర్ భూమయ్య జీపుతో పెళ్లి సత్రం ముందు దిగాడు. ముహూర్తం సాయంత్రం. ఒంటికి పసుపుతోనే ప్రహ్లాద్ అహల్య ఉన్న గది గుమ్మం దగ్గరికి వెళ్లాడు.

"పోయి రాండ్రి," అందామె. "పొద్దుగూకేసరికి మొగులొస్తది, మీరూ వస్తరు."

మొదటి వరుస ఫొటోలు చక్కగా వచ్చాయి. ఎండకు తడినేల వేడెక్కగానే కింద దూదిపింజల్లా మబ్బులు లేచాయి.

"ఇంకా ఖాళీలున్నాయి కదయ్యా, తీసెయ్," అన్నాడు పైలట్ రాధాకృష్ణమూర్తి.

"సగం ఊళ్లు మబ్బు కింద పోతయి సార్. నీడ పడ్డకాడ చెరువేదో చేనేదో తెల్వది. నేను తియ్య." ప్రహ్లాద్ కెమెరా ఆపేశాడు.

పైలట్ ముందుకు చూశాడు. దూరాన మబ్బులన్నీ తెల్లటి గోడలా కలిసిపోయి ఉన్నాయి. విమానం వెనక్కి తిప్పాడు.

సాయంత్రం కుండపోత. సత్రం రేకుల మీద వాన మోతలో పంతులుగారి మంత్రాలు ఎవరికీ వినబడలేదు. కారుతున్న పందిట్లో చుట్టాలు కుర్చీలు నెత్తిన పెట్టుకొని నవ్వుతూ అక్షింతలు వేశారు.

మిగిలిన ఊళ్లను ప్రహ్లాద్ పెళ్లి తర్వాతి చలికాలం తీశాడు, ఒక్కటీ వదలకుండా. అన్ని వారాలూ అహల్య ఒక్కతే కొత్త కాపురం సర్దుకుంది. ఒంటరిగా ఎట్లా ఉంటావని అమ్మ దిగులుపడితే, "నాకేం ఫికర్ లేదు," అని సంచీ తీసుకొని బడికి బయల్దేరింది.